పేరు చెప్పిన మందు

మొన్న మనవరాలి కాలి పట్టీ తెగితే అతికించుకొద్దామని కంసాలి కొట్టుకు వెళ్ళాను. అతను తెగినచోట తెల్లటి పొడి చిటికెడు చల్లి, గొట్టంతో మంట ఊదాడు. ఆ పొడి బుసబుస పొంగింది. నురగలా లేచి, విచ్చుకుని, అంతలోనే కరిగి గాజులా నిలిచింది. పట్టీ అతుక్కుంది గానీ నాకు మాత్రం అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచి బయటి మెట్టు మీదికి వచ్చి కూర్చున్నాను. "పొగ పడలేదాండీ?" అన్నాడతను పాపం. పొగ కాదు నాయనా, ఒక మనిషి గుర్తొచ్చింది అంటే అతనికేం బోధపడుతుంది? అవునయ్యా, పొగే అన్నాను.

ఆ పొడి పేరు వెలిగారం. కంసాలికి అది వెండి అతికే సాధనం. ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవాళ్ళకూ అంతే. ఎనభైల్లో నేను కాపురమున్న నరసరావుపేట వీధిలో మాత్రం అదే పసిపిల్లల నోటిమందు. పైగా ఆ మందు వెలిగారమని వీధిలో ఒక్కరికీ తెలియదు, అదీ తమాషా. తెలిసిన మనిషి ఒకతే ఉండేది. ఆమెను బూబమ్మ అనేవాళ్ళం. అది ఆమె పేరు కాదు. తురకల ఇళ్ళలో వయసు మళ్ళిన ఆడవాళ్ళందర్నీ మేం అలాగే పిలిచేవాళ్ళం. ఇన్నేళ్ళ స్నేహంలో సొంత పేరేమిటని నేను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు.

పొట్టి మనిషి. వక్కాకు నమిలి నమిలి పెదవులు ఎర్రగా పండి ఉండేవి. నడుస్తుంటే కుడి భుజం కాస్త ముందుకు తోసుకుని నడిచేది, ఎప్పుడూ ఎవరినో తప్పించుకు పోతున్నట్టు. తప్పించుకోవడం ఎక్కడిది, ఆమె ఇంటిముందు ఎప్పుడూ చంకలో పిల్లలతో ఇద్దరు ముగ్గురైనా ఉండేవాళ్ళు. ఇంటిముందు రేకుల పంచలో ఆమె భర్త కొలిమి పెట్టుకుని ఇత్తడి సామానుకు మాట్లు వేసేవాడు. జీవితమంతా బిందెల మీద సుత్తితో కొట్టీ కొట్టీ ఆయనకు చెవులు పోయాయి. ఎవరేమడిగినా "ఏ బిందెకమ్మా?" అనేవాడు. పెళ్ళానికీ అదే సమాధానం. "అన్నానికి రావయ్యా" అంటే "ఏ బిందెకీ?" అనేవాడు. "నా నెత్తిన పెట్టే బిందెకి!" అని ఆమె అరిచేది. వీధంతా నవ్వేది.

పసిపిల్లలకు నోరు పూస్తుంది చూడండి, నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా పెరుగు తరకల్లా పట్టి, పాలు తాగలేక ఏడుస్తారు. దానికి ఆమె దగ్గర మందు ఉండేది. పిల్లాణ్ణి తీసుకెళ్ళగానే లోపలికి వెళ్ళి, మనకు వీపు పెట్టి, పొయ్యి మీద ఇనుప గరిటె పెట్టి ఏదో పొంగించేది. పమిట చాటున నూరేది. తేనెలో కలిపి తెచ్చి చిటికెనవేలి కొసకు అంటించుకుని, ఆ పసిగుడ్డును మీరు మీరు అని మన్నించేది. "దొరగారూ, కాస్త నోరు తెరవండి. అబ్బో, కోపమే! ఏ తాలూకాకు తాసీల్దారండీ తమరు?" అనేది. వాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. పెద్దవాళ్ళను మాత్రం ఒరేయ్ ఏమే తప్ప పిలిచి ఎరగదు. మందుకు కాణీ పుచ్చుకునేది కాదు.

ఆ మందు ఆమెకు అత్తగారి దగ్గర నుంచి వచ్చింది. ముసలామె కన్నుమూయబోతూ కోడలి చేయి పట్టుకుని మాట తీసుకుందట. అడిగినవాళ్ళకు లేదనకూడదు, ప్రతిఫలం ముట్టకూడదు, మందు ఇంటి గడప దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పేరు చెప్పకూడదు. పేరు చెబితే మందు పారదు. ఇది మా పల్నాటిలో ఏ నాటుమందుకైనా ఉన్న కట్టుబాటే. తేలుమందైనా, పచ్చకామెర్ల మందైనా, ఇచ్చేవాడు చెప్పడు, పుచ్చుకునేవాడు అడగడు. అడిగితే తనకే నష్టం కదా.

ఈ మాట ఆమెను ఎలా కట్టేసిందో నేను కళ్ళారా చూశాను. బెల్లంకొండలో ఆమె చెల్లెలుండేది. చెల్లెలి కూతురి పెళ్ళికని కొత్త చీర కట్టుకుని, సంచీ సర్దుకుని గుమ్మం దిగిందో లేదో, చిలకలూరిపేట బస్సు దిగి ఎవరో పిల్లాడితో వచ్చారు. సంచీ దించింది. ఆ పిల్లాడికి రాసి పంపేసరికి ఇంకొకరు వచ్చారు. బస్సు పోయింది. మరో బస్సుకు ముహూర్తం దాటింది. సాయంత్రం నేను వెళ్ళేసరికి కొత్త చీరతోనే పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"రాలేనంటే సరిపోయేదిగా పిన్నీ. ఊళ్ళో లేనని తలుపేసుకుపోతే వాళ్ళే పోతారు" అన్నాను కోపంగా. నిజంగానే నాకు కోపమొచ్చింది.

"ఎట్టా పోతా అమ్మాయ్? పోయినాక ఆ పిల్లోడు పాలు తాక్క ఏడిస్తే ఆ ఉసురు నాకే. కాళ్ళకు గొలుసు లేదు గానీ నా చేతికుంది" అని కుడిచేయి ఎత్తి చూపించింది. తర్వాత తనే నవ్వేసి, "మందు నాది గాదు, చెయ్యి నాది గాదు, తిట్లు మాత్రం నాయి" అంది. ఈ మాట ఆమె తరచూ అంటుండేది.

అప్పటికే ఆమెకు ఆ పని మీద విసుగు పుట్టిందని నాకు తెలుసు. వదిలే దారి లేక చేస్తోంది.

మా ఎదురింటామె చెల్లెల్ని బొల్లాపల్లి ఇచ్చారు. మెట్ట వ్యవసాయం, కందీ ఆముదమూ. ఆ పిల్లకు లేకలేక మగబిడ్డ పుట్టాడు. వాడికి నోరు పూస్తే తీసుకొచ్చింది. బూబమ్మ రాసింది. మళ్ళీ మర్నాడు రమ్మంది. ఆ పిల్ల గొల్లుమంది.

"రేపెట్టా వస్తా పిన్నీ? కంది కోతకొచ్చింది. మా అత్త ఇయ్యాలే పంపనంటే కాళ్ళు పట్టుకుని వచ్చా. కాస్త సీసాలో పోసియ్యి, నేనే రాసుకుంటా."

"గడప దాటకూడదమ్మా. మాటుంది."

"మాటలకేంలే పిన్నీ, బిడ్డ నోరు చూడు!"

ఎదురింటామె అందుకుంది. "ఏందక్కా నువ్వు మరీను. గడప దాటితే మందుకు కాళ్ళొస్తాయా? పోసియ్యి, పున్నెముంటది."

బూబమ్మ నా వంక చూసింది. నేను పిల్లాడి వంక చూశాను. పిల్లాడు అలిసిపోయి గొంతు పూడిపోయేలా ఏడుస్తున్నాడు. చివరికి ఒక సీసా కడిగి, తుడిచి, మందు కలిపి పోసింది. "చిటికెనేలి కొసకి. అంటీ అంటనట్టు. పొద్దునొకసారి. నోరు బాగుపడంగానే పారబోయాల" అని ఒకటికి పదిసార్లు చెప్పింది. ఆ పిల్ల సరే సరే అంటూనే బస్సు కోసం పరిగెత్తింది.

బొల్లాపల్లిలో జరిగింది ఇదీ. మందు తియ్యగా ఉంది. రాయగానే పిల్లాడు ఏడుపు మానాడు. ఆ పిల్ల చేలోకి పోవాలి. మెత్తటి గుడ్డను పాలపీకలా చుట్టి, సీసాలో ముంచి వాడి నోట్లో పెట్టి, ఆడబిడ్డ కూతురికి అప్పగించి కోతకు పోయింది. ఏడ్చినప్పుడల్లా ముంచడం, పెట్టడం. నోటిపూత పోయింది. సీసా అయిపోయేదాకా పీక మాత్రం పోలేదు. తర్వాత వాంతులు మొదలయ్యాయి. ఒళ్ళంతా వేడినీళ్ళు పడ్డట్టు ఎర్రగా కందిపోయి, తోలు పొరలుగా లేవసాగింది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేవాడు. ఫిట్లు వచ్చాక నరసరావుపేట ఆసుపత్రికి తెచ్చారు.

ఎదురింటామె నన్ను తోడు రమ్మంటే వెళ్ళాను. బూబమ్మ మాకంటే ముందే అక్కడుంది. బురఖా ముసుగు పైకెత్తుకుని వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. డాక్టరమ్మ పిల్లాడి కళ్ళూ ఒళ్ళూ చూసి, "నోట్లో ఏం పెట్టారు?" అంది.

"నాటుమందమ్మా" అంది తల్లి.

"నాటుమందంటే ఏమిటి? ఆకా, వేరా, పొడా?"

"తెలీదమ్మా. పేరు చెప్పరు."

"ఎవరు చెప్పరు?"

వరండాలో మా వీధి ఆడవాళ్ళు నలుగురున్నారు. అందరి కళ్ళూ బూబమ్మ మీదే. డాక్టరమ్మ గొంతు పెంచింది. "అదేమిటో తెలిస్తే నేను చేయగలిగింది చేస్తాను. తెలియకపోతే చీకట్లో రాయి విసిరినట్టే. చెప్పండి ఎవరైనా!"

బూబమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. నోట్లో వక్కాకు ఉంటే కిటికీలోంచి ఉమ్మేసింది. అత్తగారికి ఇచ్చిన మాట, ఊరంతా చేతులెత్తి మొక్కే చెయ్యి, అంతా ఆ ఒక్క మాటతో పోతుందని ఆమెకు తెలుసు. "వెలిగారం డాక్టరమ్మా. పొంగించిన వెలిగారం, తేనెలో. నేనే ఇచ్చా" అంది.

నా పక్కనున్న ఒకామె గుండె మీద చెయ్యేసుకుని "అయ్యో, పేరు చెప్పేసిందే!" అంది. లోపల పిల్లాడు కొట్టుకుంటుంటే ఈమె బాధ అదీ! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమెను అక్కడే కడిగేద్దును గానీ డాక్టరమ్మ చూస్తోందని ఊరుకున్నాను.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. నెమ్మదిగా చెప్పింది. వెలిగారంలాంటివి నేలలో, నీళ్ళలో, తినే తిండిలో కాసింత ఉండనే ఉంటాయట. పెద్దవాళ్ళ ఒంట్లోకి కొద్దిగా పోతే మూత్రంలో పోతుందట. పసివాళ్ళ మూత్రపిండాలకు ఆ శక్తి ఉండదు. వచ్చింది వచ్చినట్టే ఒంట్లో పేరుకుపోతుంది. ఒక్కసారి రాసినదానితో కాదమ్మా, రోజూ పోగుపడింది అంది. నోటిపూతకు అసలు దీని అవసరమే లేదని, చాలామటుకు శుభ్రంగా ఉంచితే దానంతటదే పోతుందని కూడా అంది. బూబమ్మ కళ్ళార్పకుండా వింది. ఆ ఆఖరి మాటకు మాత్రం తల దించుకుంది.

పిల్లాడు దక్కలేదు.

ఆ తల్లి బూబమ్మను పల్లెత్తు మాట అనలేదు. అదీ చెప్పుకోవాలి. "ఆయమ్మ దాచకుండా చెప్పింది. ఆయమ్మ చెప్పినట్టు నేనే చెయ్యలా. నా చేతుల్తో నేనే ముంచి ముంచి పెట్టా" అని నెత్తి కొట్టుకుంది. బొల్లాపల్లి పోయాక కూడా అదే మాటట. తిండి మానేసిందట. బావి వైపు పోతుంటే ఎవరో ఒకరు వెంట ఉండాల్సి వచ్చేదని ఎదురింటామె నాతో చెప్పి ఏడ్చేది.

బూబమ్మ మందు మానేసింది. ఎవరొచ్చినా "పేరు చెప్పేశానమ్మా, ఇంక నా చేతికి పారదు. ఆసుపత్రికి పొండి" అనేది. నేను లోలోపల సంతోషించాను. పీడా వదిలింది, ఇకనైనా చెల్లెలి ఊరికి పోయి నాలుగు రోజులు ఉండివస్తుంది అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో!

మా వీధి ఆడవాళ్ళు ఆలోచించిన తీరు వినండి. పేరు చెప్పింది బూబమ్మ. కాబట్టి పారనిది బూబమ్మ చేతికి. మనం ఎవరికీ చెప్పలేదుగా, మన చేతికి పారుతుంది! పోయిన పిల్లాడి సంగతేమిటంటే, వాడికి దిష్టి తగిలింది, బొల్లాపల్లి నీళ్ళు పడలేదు, సీసా గడప దాటింది, ఇలా తలా ఒకటి. ఇంకేం, ప్రతి ఇంట్లో గరిటెలు పొయ్యెక్కాయి. పచారీ కొట్టులో వెలిగారం పొట్లాలు కట్టసాగారు. కొందరైతే తిన్నగా బూబమ్మ మొగుడి దగ్గరికే పోయి చెయ్యి చాచేవాళ్ళు. "ఏ బిందెకమ్మా?" అని ఆయన నవ్వుతూ ఒక పలుకు ఇచ్చేవాడు. ఎవరి చిటికె వాళ్ళది. నోరు పూసినా, పూయకపోయినా, ముందుజాగ్రత్తగా కూడా పెట్టేవాళ్ళు.

బూబమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మా ఇంటికీ వచ్చింది. అప్పుడు నా కూతురు చంటిది. మా అత్తగారు వంటింట్లో గరిటె పొంగిస్తూ పట్టుబడింది.

"ఏందమ్మా ఇది! పిల్లోడు పోయింది మర్చిపోయావా?" అంది బూబమ్మ.

"వాడికి సీసాడు పెట్టారు. నేను చిటికెడేగా పెట్టేది."

"వద్దమ్మా, నీ కాళ్ళకు మొక్కుతా. అది విషమంట."

మా అత్తగారు గరిటె దించకుండానే తల తిప్పింది. "విషమైతే ఇన్నేళ్ళు మా అందరి పిల్లలకూ పెట్టావుగా? నా కొడుక్కు పెట్టింది మీ అత్త గాదా? ఆడు గుండ్రాయిలా లేడా? అప్పుడు అమృతం, ఇప్పుడు విషమా?"

బూబమ్మ చేత్తో బతికిన పిల్లలే ఆమెకు ఎదురు సాక్ష్యం చెబుతున్నారు. నేను గరిటె లాక్కుని పెరట్లోకి విసిరేశాను. అత్తగారు నన్ను నానా శాపనార్థాలు పెట్టి చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. సంతోషం, నా పిల్ల దక్కింది. మిగతా ఇళ్ళలో గరిటె లాక్కునే కోడళ్ళు లేరు. పై వీధిలో ఇంకో పిల్లకు ఒళ్ళు కందిందని, వాంతులని విన్నాం. ఆ పిల్ల ఆసుపత్రిలో పడి ఎలాగో బయటపడింది.

ఆ మర్నాడు వీధి కుళాయి దగ్గర అందరం బిందెలు పెట్టుకుని నిలబడ్డాం. బూబమ్మ ఖాళీ చేతులతో వచ్చింది. వక్కాకు దిట్టంగా నములుతూ, కావాలని గొంతెత్తి అంది.

"ఏమే, అందరూ వెలిగారం తెగ వాయిస్తున్నారంట? పిచ్చిమొహాల్లారా! ఆ రోజు డాక్టరమ్మకు నేను అసలు పేరు చెప్పాననుకున్నారా?"

ఒకామె నిండిన బిందెను కుళాయి కిందే వదిలి దగ్గరికొచ్చింది.

"మా అత్తకు చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట, ఎవరో గద్దించంగానే కక్కేస్తానా? నోటికొచ్చిందేదో చెప్పా. అసలు మందు వేరే. అది నా దగ్గరే ఉంది. నా చెయ్యీ నా దగ్గరే ఉంది."

ఆ ఆడవాళ్ళ మొహాలు మతాబుల్లా వెలిగాయి. "నేననలా? బూబమ్మ అంత ఎర్రిదా?" అని ఒకామె, "అందుకేనేమో మా పిల్లోడికి తగ్గలా!" అని ఇంకొకామె. ఆసుపత్రి వరండాలో గుండె మీద చెయ్యేసుకున్నామె అయితే ఏకంగా ఆమె చేయి తీసి కళ్ళకద్దుకుంది. సాయంత్రానికి గరిటెలు దిగాయి. ఆమె గుమ్మం ముందు మళ్ళీ పిల్లలు.

పిల్లాడు ప్రాణాలతో కొట్టుమిట్టాడుతుంటే డాక్టరమ్మకు అబద్ధం చెప్పిందా ఈ మనిషి? దులిపి పారేద్దామని తిన్నగా ఇంట్లోకే పోయాను. ఆమె వీపు నా వైపు పెట్టి కల్వంలో ఏదో నూరుతోంది. వంగి చూశాను. పటికబెల్లం. పక్కన చేటలో, పొంగించిన మందులా కనబడేందుకేమో, గుప్పెడు మరమరాలు.

"చూశావు గదా. ఇంక నీ నోటికి కూడా తాళమే" అంది తల ఎత్తకుండా.

"ఇదేంటి పిన్నీ?"

"ఇదే అసలు మందు." నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు. "ఆ రోజు నిజమే చెప్పా అమ్మాయ్. పుట్టి బుద్ధెరిగినాక నేను చేసిన మంచిపని అదొక్కటే. ఏం చెయ్యను, నిజం చెబితే అందరూ అదే పట్టుకున్నారు. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ పోయి అడిగా. కాచిన నీళ్ళలో గుడ్డ ముంచి నోరు తుడవమంది. పాలిచ్చే ముందు తల్లి కడుక్కోమంది. గుడ్డపీకలు పొయ్యిలో పెట్టమంది. అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రిలో ఊదారంగు మందుంది, పూస్తారంట. ఇయ్యి చెబితే ఎవరన్నా వింటారా? మందు పెడితేనే వింటారు. అందుకని మందు పెడతా, ఇయ్యి పథ్యం అంటా. పథ్యం తప్పితే పారదంటా."

విన్నారు కూడా. పుట్టినప్పటి నుంచి నీళ్ళు కాచి ఎరగని మా అత్తగారు, పక్కింటి కోడలికి నీళ్ళు కాచమని పథ్యం చెప్పడం నా చెవులారా విన్నాను. పూతలు తగ్గేవి. బూబమ్మ పేరు మాచర్ల దాకా, గురజాల దాకా పాకింది. ఎన్నడూ లేనంత మంది రాసాగారు. ఆమెకు ఇక ఇల్లు కదిలే వీలు లేకుండా పోయింది. చెల్లెలు పోతే మట్టి వేయడానికి వెళ్ళగలిగింది, అంతే. ఆ ఒక్క పూటకూ ఎవరింట్లో గరిటె పొయ్యెక్కుతుందోనని బెదురుతూనే వెళ్ళి, బెదురుతూనే తిరిగొచ్చింది. ఎప్పుడైనా నేను "ఎన్నాళ్ళు పిన్నీ ఇలా? ఇంట్లో కోడలుందిగా, దానికన్నా చెప్పు, తోడుంటుంది" అంటే, "దాన్నెందుకు తోసేది ఇందులోకి? నేనున్నా గదా" అనేది.

కుళాయి దగ్గరి మాట ఊళ్ళో నిలవదు కదా, బొల్లాపల్లి చేరింది. బిడ్డను పోగొట్టుకున్న ఆ పిల్ల వచ్చింది. మనిషి సగమైపోయి ఉంది. నేను ఆ సమయానికి అక్కడే ఉన్నాను. కొలిమి దగ్గర సుత్తి మోగుతోంది. ఆ పిల్ల లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"డాక్టరమ్మకు అబద్ధం చెప్పావంట, నిజమేనా?"

బూబమ్మ లేచి నిలబడింది.

"అసలు పేరు చెప్పుంటే డాక్టరమ్మ అసలు వైద్యం చేసుండేదిగా? నా బిడ్డ బతికేవోడుగా? ఆ రోజు నిన్ను దేవతనుకున్నా. నా తప్పే, నా తప్పేనని నెత్తి బాదుకున్నా. నువ్వు దాచావా? చెప్పు!"

నాకు ఆగలేదు. అది కాదమ్మాయ్ అని నోరు తెరవబోయాను. బూబమ్మ వెనక నుంచి నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఎదురింటామె వాకిట్లో నిలబడి వింటోంది. ఇక్కడ పలికిన మాట సాయంత్రానికి కుళాయి దగ్గర ఉంటుంది.

"దాచా" అంది బూబమ్మ.

ఆ పిల్ల గుమ్మం దిగి వాకిట్లోకి జరిగింది.

"దాచా తల్లీ. తప్పు నాది. నేను పోసిచ్చిన దాంట్లోనే ఉంది తప్పు. నువ్వు ఒకసారి పెట్టినా అంతే, వందసార్లు పెట్టినా అంతే. నీ చేతుల్లో ఏం లేదు. ఇను, నీ చేతుల్లో ఏం లేదు."

ఆ పిల్ల వంగి గుమ్మం ముందు మన్ను దోసిట్లోకి తీసుకుని ఆమె మొహాన కొట్టింది. "నీ వంశం నాశనమైపోను" అంది. ఇంకా చాలా అంది. వీధంతా చూసింది. మట్టి కళ్ళల్లో పడినా బూబమ్మ తుడుచుకోలేదు. అంతా అయ్యాక ఆ పిల్ల గోడకానుకుని ఏడ్చి ఏడ్చి, అక్క ఇంటికి పోయి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిందని ఎదురింటామె చెప్పింది. ఆ సంగతి చెబితే బూబమ్మ నా రెండు చేతులూ పట్టుకుని "తిందా? నిజంగా తిందా?" అని పదే పదే అడిగింది. ఆ తర్వాతే మొహం కడుక్కుంది.

అంతటితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదేమో. రెండో ఏడో మూడో ఏడో, ఆ పిల్లకు మళ్ళీ కొడుకు పుట్టాడు. వాడికీ నోరు పూసింది. ఆసుపత్రికి పోదామంటే అత్త పడనివ్వలేదట. అంత దూరం నుంచి జనం నరసరావుపేటకు ఎవరి కోసం వస్తున్నారో ఆమెకు తెలుసు. పంతాలు బిడ్డ మీద చూపిస్తావా అని కోడల్ని బస్సెక్కించి, పక్కన తనే కూర్చుని తీసుకొచ్చింది.

ఆ పిల్ల బిడ్డను బూబమ్మ చేతికి ఇవ్వలేదు. అత్త ఇచ్చింది. తల్లి మొహం అటు తిప్పుకుని కొలిమి వంక చూస్తూ నిలబడింది. బూబమ్మ అంతమంది పిల్లల్ని ఎత్తుకున్న మనిషి, వీణ్ణి ఎలా పట్టుకోవాలో తెలియనట్టు కాసేపు తడబడింది. కాచిన నీళ్ళలో గుడ్డ ముంచి నోరు తుడిచింది. వేలి కొసకు పటికబెల్లం పాకం అంటించుకుంది.

"ఈసారన్నా అసలుది పెట్టు" అంది తల్లి, ఇటు తిరక్కుండానే.

"అసలుదేనమ్మా."

పిల్లాడు చప్పరించాడు. ఇంకా కావాలని నాలుక చాచాడు. వాళ్ళత్త తెగ సంబరపడింది. పథ్యం చెప్పించుకుని, బిడ్డను తీసుకుని వాకిట్లోకి దిగింది. తల్లి మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయింది. మొదటిసారి బూబమ్మ మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నట్టు ఉంది.

"ఇదే మా పెద్దోడికి పెట్టుంటే, ఆడు బతికేవోడు గదా?"

బూబమ్మ వేలికి ఇంకా పాకం అంటుకునే ఉంది. ఆ పిల్ల అడిగిన దానికి అబద్ధం చెప్పనక్కర్లేకుండా పోయింది ఆమెకు.

"బతికేవోడే తల్లీ" అంది.